ఐసు నొప్పి కాదు

మా అత్త పోయిందన్న మాట టీ విరామంలో తెలిసింది. తడ దగ్గర నేను పనిచేసే కంపెనీలో ఫోన్లు లోపలికి తీసుకెళ్ళనివ్వరు. గేటు దగ్గర అరల్లో పెట్టి తాళం వేసుకోవాలి. టీ గ్లాసు చేతిలో పట్టుకుని అర తెరిచి చూస్తే మామ చేసిన కాల్స్ వరసగా ఉన్నాయి. మామ ఊరికే ఫోన్ చేసే మనిషి కాదు. తిరిగి చేశాను.

"మీ అత్త లేదు అమ్మణ్ణీ," అన్నాడు. "తెల్లారతానే ఆయాసం ఎక్కువైంది. ఆటో వచ్చేలోపలే అయిపోయింది."

గ్లాసు ఎక్కడ పెట్టానో గుర్తులేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను, లేచాను, ముందు సీటుకి మారాను, అక్కడా కుదరక తలుపు దగ్గరికి వచ్చి కమ్మీ పట్టుకున్నాను. "ఏందమ్మా, సీట్లన్నీ నీకే కావాల్నా?" అన్నాడు కండక్టరు. అత్త ఉంటే అతనికి వత్తాసు పలికేది. "దీని అరికాల్లో చక్రం ఉండాది నాయనా, ఒకచోట నిలవదు," అని నా గురించి ఊళ్ళో అందరికీ చెప్పేది. ఆ రోజు నిజంగానే నిలవలేకపోయాను. రాస్తున్న ఈ పూట కూడా మూడు వాక్యాలకోసారి లేచి వసారాలోకి వెళ్ళి వస్తున్నాను. కాబట్టి ఇది వరసగా సాగకపోతే మన్నించండి.

ఆమె ఎవరో మీకు తెలిసే అవకాశం లేదు. మా నాన్నకి అక్క. దొరవారిసత్రం దాటి పులికాట్ వైపు వెళ్ళే దారిలో మా ఊరు. హైవే పక్కనున్న షెడ్డులో రొయ్యలు ఒలిచి బతికింది. అమ్మ నన్ను కని మంచాన పడితే నన్ను ఎత్తుకుని తిరిగింది ఆమేనట. నాకు తెలిసిన మొట్టమొదటి వాసన ఆమె చేతుల వాసన. ఎంత నిమ్మకాయ రుద్దినా పోని రొయ్య వాసన.

నేను వెళ్ళేసరికి ఆమెను వసారాలో పడుకోబెట్టారు. స్నానం చేయించి, బొట్టు పెట్టి, రెండు చేతులూ గుండెల మీద నమస్కారంలాగా కలపాలని ఆడవాళ్ళు చూస్తున్నారు. కలవడం లేదు. వేళ్ళన్నీ చిటికెన వేలి వైపు ఒరిగిపోయి, మణికట్లు బిగుసుకుపోయి ఉన్నాయి. ఎవరో కొంచెం బలం చేయబోయారు. షెడ్డులో అత్త పక్క పీట మీద కూర్చుని ఇన్నేళ్ళూ పనిచేసిన పోలమ్మక్క వాళ్ళ చేతులు తోసేసింది.

"వదిలెయ్యండి మే. బతికుండంగా కలవని చేతుల్ని ఇప్పుడు కలుపుతారా? దణ్ణం పెట్టకపోతే దేవుడేం అనుకోడు లే."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. ఆ చేతుల్ని అలా చేసినదాని మీద, దానికి మేమంతా కలిసి ఏళ్ళ తరబడి పెట్టిన తప్పుడు పేరు మీద.

ఆ పేరు ఐసు నొప్పి.

షెడ్డు సంగతి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. బల్లల మీద రొయ్యలు, రొయ్యల మీద ఐసు, ఐసులో చేతులు. తల గిల్లాలి, పొట్టు ఒలవాలి, వీపు మీది నల్లటి నరం లాగాలి. తెల్లవారకముందే మొదలుపెడితే మధ్యాహ్నానికి వేళ్ళు పాలిపోయి, తరవాత ఎర్రబడి, మంట పుడతాయి. సాయంత్రానికి సలుపు. షెడ్డులో ఉన్న ప్రతి ఆడమనిషికీ ఇది ఉంటుంది. కొత్తగా చేరిన పిల్ల "అక్కా, వేళ్ళు నొస్తా ఉండాయి" అంటే మిగతావాళ్ళు నవ్వి, "ఇప్పటికి షెడ్డు మనిషివైనావు" అంటారు. అన్నానికి లేచేముందు ఒక పెద్ద గుండిగలో వేడినీళ్ళు పెట్టి, చుట్టూ చేరి అందరూ చేతులు ముంచుతారు. ఊళ్ళో కబుర్లన్నీ ఆ గుండిగ చుట్టూనే తెలుస్తాయి.

అందుకే అత్త వేళ్ళు వాచినప్పుడు ఎవరూ కంగారుపడలేదు. అందరికీ ఉన్న నొప్పే కదా. ఏ టీచరమ్మకో రెండు చేతులూ ఇంత లావున వాచిపోతే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. రొయ్యలు ఒలిచే మనిషికి వాస్తే ఇంకో చెంబు వేడినీళ్ళు పోస్తారు. వావిలాకు కాచి పోసుకుంది, ఆముదం పట్టించుకుంది, గుండిగలో అందరికంటే ఎక్కువసేపు చేతులుంచింది. పని మానలేదు. ఏళ్ళు గడిచిపోయాయి.

బయటపడింది వేట నిషేధం నెలల్లో. పడవలు సముద్రంలోకి వెళ్ళవు, సరుకు రాదు, షెడ్డు మూతపడుతుంది. ఆ రోజుల్లో ఒలుపుడు ఆడవాళ్ళ చేతులు మళ్ళీ మామూలు చేతులవుతాయి. పోలమ్మక్క పెట్టెలో దాచిన గాజులు తీసి తొడుక్కుని ఊరంతా గలగలలాడించేది. ఆ ఎండాకాలం అత్త కూడా గాజులు తీసింది. ఎక్కలేదు. ఇంకో పది రోజులు చూసింది. ఎక్కలేదు. ఐసు ముట్టి నెలైనా పొద్దున లేస్తే పిడికిలి ముడుచుకోదు. వాకిలి గడియ తీయాలంటే ఎండ ముదరాలి.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుండాది నా చెయ్యి," అంది నాతో. నవ్వుతూనే అంది. నేనప్పుడు డిప్లొమా చదువుతున్నాను, సెలవులకి వచ్చాను. వెంటనే డాక్టరు దగ్గరికి పోదామని యాగీ చేశాను.

దగ్గర్లో ఉన్న డాక్టరు రక్తపరీక్ష రాశాడు. కీళ్ళవాతం ఉందో లేదో చూడటానికి ఆర్‌ఏ ఫ్యాక్టర్ అని ఒకటి ఉంటుంది కదా, అది చేయించారు. లేదని వచ్చింది. "కీళ్ళవాతం కాదమ్మా, ఐసు వల్లే," అన్నాడాయన. అత్త మొహం వెలిగిపోయింది. నొప్పి అలాగే ఉంది, మొహం మాత్రం వెలిగింది.

విచిత్రం చూడండి. అదే నెలలో మా పక్కింటి ఖాదర్‌బీ అక్కకి అదే పరీక్షలో ఉందని వచ్చింది. వాళ్ళాయన దర్జీ. ఎక్కడో క్యాంపులో నాలుగు పరీక్షలు కలిపి చేస్తుంటే ఆమె కూడా చెయ్యి చాపింది. ఒక్క కీలూ నొప్పి లేదు ఆమెకి. కాగితం చూసి మంచమెక్కింది. "నాకు ఫ్యాక్టరు ఉండాదంట, నా చేతులు వంకరపోతాయంట," అని ఒకటే ఏడుపు. వాచిన చేతులతో మా అత్త పోయి ఆమెను ఓదార్చింది. మా వీధిలో అలాంటి చోద్యాలు జరుగుతాయి.

నాకు విసుగెత్తి యాష్టకొచ్చింది. ఇద్దర్నీ ఒకే బస్సెక్కించి నెల్లూరు తీసుకుపోయాను. వెంకటాచలం దాటేదాకా ఖాదర్‌బీ అక్క కన్నీళ్ళు తుడుచుకుంటూనే ఉంది, అత్త ఆమెకి అరటిపండ్లు పెడుతూనే ఉంది. తొక్క మాత్రం నన్ను ఒలవమంది.

కీళ్ళ డాక్టరమ్మ కాగితాలు తరవాత చూస్తానని పక్కన పెట్టింది. కరచాలనం చేస్తున్నట్టు అత్త చెయ్యి పట్టుకుని, వేళ్ళు మొదలయ్యే చోట ఉన్న కణుపులన్నిటినీ అటూ ఇటూ కలిపి నొక్కింది. అత్త "అమ్మా!" అని కుర్చీలోంచి లేచింది. తరవాత ఖాదర్‌బీ అక్క చెయ్యి అలాగే నొక్కింది. ఆమె మెలికలు తిరిగి నవ్వింది.

"నీకు కితకితలు పుట్టాయి గానీ నొప్పి పుట్టలేదు కదమ్మా," అంది డాక్టరమ్మ. "ఆ ఫ్యాక్టర్ వేరే కారణాలకీ కనిపిస్తుంది. లివర్‌లో ఏదైనా పాత ఇన్ఫెక్షన్ ఉన్నా కనిపించొచ్చు. అది చూపిద్దాం. కీళ్ళవాతం అని మాత్రం ఏడవద్దు." ఆ తరవాత అత్త వైపు తిరిగింది. "నీకు లేదని వచ్చినా నీ చెయ్యి ఉందంటోంది. ఇంకో పరీక్ష ఉంది, యాంటీ సీసీపీ అని. అదీ, ఎక్స్‌రేలూ తీయిద్దాం."

ఖాదర్‌బీ అక్కకి లివర్‌దే తేలింది. మందు దొరికింది, లేచి తిరుగుతోంది. అత్తకి ఆ రెండో పరీక్షలో అంకె చాలా ఎక్కువ వచ్చింది. ఎక్స్‌రేలో ఎముకల అంచులు పురుగు తొలిచినట్టున్నాయి. డాక్టరమ్మ ఆ ఫిల్ము వెలుతురుకి పట్టుకుని ఒక్కో వేలే చూసుకుంటూ పోయింది. ఆ చూసినంతసేపూ నేను కుర్చీలో కాళ్ళు ఊపుతూనే ఉన్నాను. అత్త నా మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది.

"ఒంట్లోకొచ్చే క్రిముల్ని పట్టుకోవడానికి రక్తంలో కాపలావాళ్ళు ఉంటారమ్మా," అంది డాక్టరమ్మ. "నీ ఒంట్లో కొందరు దారి తప్పి సొంత కీళ్ళ మీదే పడ్డారు. ఈ పరీక్షలో కనిపించింది వాళ్ళ జాడే."

అత్త ఆలోచించింది. "ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారే. మీరెట్టా పట్టినారు?"

డాక్టరమ్మ నవ్వింది, వెంటనే ఆపేసింది. "పట్టాం గానీ ఆలస్యంగా పట్టాం. అంకె ఇంత ఎక్కువున్నవాళ్ళకి ఎముకలు త్వరగా దెబ్బతినే అవకాశం ఎక్కువ. అందుకని చిన్నమందుతో చూద్దాంలే అనడానికి వీల్లేదు, ఇవాళే గట్టిది మొదలుపెడుతున్నా. ఇంకోమాట. ఇది కీళ్ళతోనే ఆగకపోవచ్చు. పొడిదగ్గు గానీ ఆయాసం గానీ వస్తే ఆ రోజే నాకు చెప్పాలి."

"ముందే వచ్చుంటే?" అన్నాను నేను. ఉండబట్టలేదు.

"ముందే అంటే, నొప్పి రాకముందు కూడా కొందరి రక్తంలో ఈ దారితప్పిన కాపలావాళ్ళు ఏళ్ళ తరబడి ఉంటారు," అంది ఆమె. ఆ మాట ఆ రోజు విని వదిలేశాను. అది నన్ను వదల్లేదు. ఆ సంగతికి వస్తాను.

అత్త షెడ్డు మానేసింది. వారానికొక్కసారే వేసుకోవాల్సిన మందుకి 'ఆదివారం మాత్ర' అని పేరు పెట్టుకుంది. మామ పొరపాటున సోమవారం కూడా అందిస్తాడేమోనని ఆ డబ్బా తన తలగడ కిందే ఉంచుకునేది. పోయిన ఎముక తిరిగి రాలేదు, ఒరిగిన వేళ్ళు నిలబడలేదు. కానీ వాపు దిగింది, నొప్పి సగానికి సగం పోయింది, గాజులు ఎక్కాయి. ఎక్కిన రోజు నాకు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా గాజులు గలగలలాడించి పెట్టేసింది.

ఖాదర్‌బీ అక్క తన వంతుగా ఒక పని చేసింది. భర్త కత్తిరించి పడేసిన గుడ్డముక్కలు మడతలు పెట్టి, గట్టిగా మిషను కుట్టు వేసి, మణికట్టు దూరేటంత ఉచ్చులుగా చేసి తెచ్చింది. కుళాయికొకటి, బీరువా పిడికొకటి, వాకిలి గడియకొకటి. వేళ్ళు పనిచెయ్యని పొద్దున మణికట్టు అందులో దూర్చి లాగితే చాలు, తెరుచుకుంటుంది. గడియకి కట్టింది ఎర్రది. ఎవరి పెళ్ళిచీర తాలూకు జాకెట్టు ముక్కో అది, అంచున కొంచెం జరీ కూడా ఉంది. అత్త వాటిని పీలికలు అనేది.

మా అత్తని దేవతని చేయడం నాకు ఇష్టం లేదు. మహా మొండిది. ప్రతిసారీ డాక్టరమ్మ దగ్గర ఒకటే గోల: "ఆ టెస్టు మళ్ళీ చెయ్యమ్మా, అంకె తగ్గిందేమో చూస్తాం." ఆసుపత్రి హాల్లో తోటి రోగులతో, పదో తరగతి పిల్లకాయలు మార్కులు చెప్పుకున్నట్టు, "నీకెంత? నాకింత" అని పోల్చుకునేది. తనకంటే తక్కువున్నావిడ తనకంటే ఎక్కువ మూలుగుతుంటే నమ్మేది కాదు. "నాదాంట్లో సగం లేదు, ఏడుపు మాత్రం నాకంటే రెండింతలు," అని బస్సంతా వినేలా చెప్పేది. చివరికి ఒకరోజు డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ అంకె నీ జబ్బు ఎలాంటి దారి పట్టొచ్చో చెబుతుంది. ఇవాళ ఎలా ఉన్నావో చెప్పదు. అది నువ్వే చెప్పాలి. ఈ పొద్దున వాకిలి గడియ వేలితో తీశావా, పీలికతో తీశావా?"

అత్తకి ఆ లెక్క నచ్చింది. అప్పటినుంచి మా ఇంట్లో క్షేమసమాచారం అంటే అదే. నేను ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడగను, "వేలా, పీలికా?" అంటాను. "వేలే," అంటే ఆ రోజు నాకు పని బాగా సాగేది. "పీలిక" అంటే మధ్యాహ్నం అన్నం సహించేది కాదు.

షెడ్డు మానినా షెడ్డుని వదల్లేదు. అన్నం వేళకి పోయి గుండిగ పక్కన కూర్చునేది. చేతులు ముంచి తీసినవాళ్ళని ఒక్కొక్కళ్ళనే పిలిచి, డాక్టరమ్మ నొక్కినట్టే కణుపులు నొక్కేది. తన వంకర చేతితో సరిగ్గా పట్టు దొరక్క, రెండు మణికట్ల మధ్య పెట్టి నొక్కేది. "అందరికీ ఐసు నొప్పి ఉంటాది. కాదన్లా. కానీ ఆదివారం కూడా నొస్తే అది ఐసు నొప్పి కాదు. తెల్లారి పిడికిలి ముడుచుకోకపోతే అది ఐసు నొప్పి కాదు. అప్పుడు నా దగ్గరికి రాబాకండి, ఆ డాక్టరమ్మ దగ్గరికి పొండి. నేను నొక్కడం మాత్రమే నొక్కతా," అనేది. కొందరు నవ్వేవాళ్ళు, సూపర్‌వైజరు విసుక్కునేవాడు. ఆమె గమ్మున ఉండే రకం కాదు.

ఇప్పుడు నా సంగతి. ఇది చెప్పకుండా ఆమె గురించి చెప్పినట్టు కాదు.

నా ఉద్యోగం చిన్న చిన్న స్క్రూలు బిగించడం. బియ్యపుగింజంత ఉంటాయి. వేళ్ళకొసలే నా చదువు, నా జీతం. రెండేళ్ళ కిందట మణికట్లు పట్టేసినట్టు అనిపించసాగింది. డ్యూటీ వల్లనే అనుకున్నాను. ఫోన్లో మాటల మధ్యలో అత్తతో అన్నాను.

"ఆదివారం కూడానా?" అంది.

"అప్పుడప్పుడు."

మర్నాడు ఆమే నన్ను రప్పించి నెల్లూరు బస్సెక్కించింది. డాక్టరమ్మ నా చేతులు నొక్కింది, వంచింది, స్కాన్ చేయించింది. వాపు లేదు. ఫ్యాక్టర్ లేదు. సీసీపీ మాత్రం ఉంది. తక్కువేం కాదు.

"అంటే వచ్చినట్టా?" అన్నాను.

"రాలేదు."

"రాదా?"

"అదీ చెప్పలేను. వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ. ఎప్పటికీ రాకపోవచ్చు కూడా. కణుపులు నొస్తున్నాయా, వాస్తున్నాయా గమనించుకో. బీడీ, సిగరెట్ల పొగకి దూరంగా ఉండు, అది దీన్ని ఎగదోస్తుంది. తేడా వస్తే ఆ వారంలోనే రా. మొదట్లోనే పట్టుకుంటే మీ అత్త దారి నీది కానక్కర్లేదు."

రాలేదు, రావచ్చు, రాకపోవచ్చు. ఈ మూడు మాటల మధ్య ఎలా బతకాలో ఎవరైనా నాకు చెప్పండి. జబ్బుంటే మందేసుకుంటాం. లేకపోతే మర్చిపోతాం. ఇది రెండూ కాదు. పొద్దున కళ్ళు తెరవకముందే దుప్పటి కింద వేళ్ళు ముడుస్తాను, తెరుస్తాను. బస్సులో ముడుస్తాను. స్క్రూ జారితే గుండె జారుతుంది. పక్కన పనిచేసే పిల్ల, "ఏందక్కా, ఎప్పుడూ చేతులు చూసుకుంటావు, జోస్యం నేర్చుకుంటా ఉండావా?" అని ఆటపట్టిస్తుంది. జోస్యం చెప్పించుకున్నాను గదా, అదే నా బాధ.

ఆ రోజు తిరిగి వచ్చే బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. నాయుడుపేట దాటాక అంది: "మేనత్తంటే చీర పెట్టాల, సారె పెట్టాల. ఇదా మే నేను నీకిచ్చింది?"

"నువ్వివ్వలేదత్తా. అంటుకునేది కాదని చెప్పింది కదా ఆమె."

"చెప్పింది లే." కిటికీలోంచి బయటికి చూసింది. మళ్ళీ నా వైపు తిరిగేసరికి మొహం మారిపోయింది. షెడ్డులో బేరమాడేటప్పటి మొహం. "ఏడవబాక. దీపం ఉండంగానే ఇల్లు చక్కబెట్టుకోవాల. అది వస్తే గుమ్మంలోనే పట్టుకోవాల మే. నాది పడకటింట్లోకి వచ్చిందాకా ఐసు అనుకున్నా."

ఇంటికి చేరగానే అత్త, మామ బీడీకట్ట తీసి వీధిలో పారేసింది. "నా కోసం నువ్వు మానలా, సరే. ఈ పిల్ల ఇంట్లో కాలు పెట్టినప్పుడు పొగ కనిపించిందంటే నీ కూడు నువ్వు వండుకో," అంది. మామ మానలేదు గానీ, నేను వస్తున్నానంటే చెరువుకట్ట దాకా పోయి కాల్చుకుని, నోరు పుక్కిలించి వచ్చేవాడు.

అప్పటినుంచి నేను గుమ్మం ఎక్కగానే ముందు చెయ్యి చాపాలి. ఆ తరవాతే మంచినీళ్ళు. నొక్కేది. "నొస్తా ఉందా?" "లేదత్తా." ఇంకోసారి నొక్కేది. అప్పుడు వదిలేది. చూసినవాళ్ళు మేనకోడలంటే ఎంత ముద్దో అనుకునేవాళ్ళు. ముద్దే, కాదనను.

పోయిన వానాకాలం ఆమెకి పొడిదగ్గు మొదలైంది. ఈసారి ఎవరూ షెడ్డు చలి అనలేదు, వానగాలి అనలేదు. ఆ వారంలోనే నెల్లూరు పోయాం. ఊపిరితిత్తుల్లో కూడా అదే మొదలైందని స్కాన్‌లో తేలింది. మందులు మార్చారు, ఇంకో ఊరికి పంపారు, మళ్ళీ మార్చారు. డాక్టరమ్మ ఏమీ దాచలేదు. మేం ఏ రోజూ ఆలస్యం చేయలేదు. అయినా పోయింది. ముందు తెలిస్తే కాపాడుకోవచ్చని నాకు నేర్పిన మనిషి, ముందే తెలిసిన చోట పోయింది. ఇది నాకు జీర్ణం కావడం లేదు. తలచుకున్నప్పుడల్లా కూర్చున్నచోటి నుంచి లేస్తాను.

ఆఖరిసారి చూసినప్పుడు మంచం మీద దిండ్లకి ఆనుకుని ఉంది. ముక్కుకి గొట్టం. నేను చెయ్యి చాపాను. రెండు మణికట్ల మధ్య పెట్టుకుంది. నొక్కిందో, ఊరికే పట్టుకుందో నాకు తెలియలేదు.

"నొస్తా ఉందా?"

"లేదత్తా."

"నొక్కింది తెలిసిందా అసలు?"

నేను రెండో చేత్తో ఆమె దిండు సర్దాను.

"తెలవలా. నా బలం చాల్లా." ఊపిరి కోసం ఆగింది. "ఇంకెవురిచేతనన్నా నొక్కించుకో. ఎగ్గొట్టబాక."

అదే ఆమె నాకు చెప్పిన చివరిమాట. ఆశీర్వాదం కాదు, అప్పగింత కాదు. ఎగ్గొట్టబాక.

పెద్దదినం నాడు షెడ్డు ఆడవాళ్ళు పని ముగించుకుని నేరుగా వచ్చారు. వసారా అంతా ఐసు, రొయ్యల వాసన. ఆ వాసనకి నాకు అప్పటిదాకా రాని ఏడుపు వచ్చింది. పోలమ్మక్క పక్కన కూర్చుని, నా కన్నీళ్ళు తుడుస్తుందనుకుంటే, నా చెయ్యి లాక్కుని కణుపులు నొక్కింది.

"మీ అత్త నాకు చెప్పి పోయింది. నువ్వొచ్చినప్పుడల్లా నొక్కమని," అంది. "నొస్తా ఉందా?"

నొచ్చింది. కుడిచేతిలో, చూపుడువేలూ నడివేలూ మొదలయ్యే చోట. ఎక్కువ కాదు. కానీ నొచ్చింది. చూస్తే ఆ రెంటి మధ్య పల్లం కొంచెం పూడి, వాచినట్టు కూడా ఉంది.

"వారం నుంచీ గుండిగలూ గిన్నెలూ తోమతానే ఉండా గదక్కా," అన్నాను. ఇంట్లో ఉంటే నా మాట కూడా ఇంటి యాసే అవుతుంది. "దానివల్ల అయ్యుంటాది."

పోలమ్మక్క నా చెయ్యి వదల్లేదు. కళ్ళలోకి చూసింది.

"మీ అత్త ఐసు అనింది. నువ్వు గిన్నెలంటా ఉండావు."

నేను గబుక్కున లేచాను. ఎందుకు లేచానో చెబితే మీరు నమ్మరు. అత్తకి చెప్పాలని లేచాను. గుమ్మంలోనే పట్టుకున్నామని చెప్పాలి. లోపలి గది దాకా వెళ్ళాను. మంచం నిలబెట్టి గోడకి ఆనించి ఉంది. తలగడ లేదు. ఆదివారం మాత్రల డబ్బా కిటికీలో ఉంది, మూత మీద ఇంకా ఆమె నూనె చెయ్యి మరక.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. ఈ మధ్యకాలంలో నేను ఒకచోట నిలబడింది అక్కడే.

మామ పీలికలన్నీ విప్పేద్దామన్నాడు, చూస్తే కడుపు తరుక్కుపోతోందని. ఉండనిమ్మని నేనూ ఖాదర్‌బీ అక్కా ఒకేసారి అన్నాం. మర్నాడు పొద్దున్నే నెల్లూరు బస్సుకి బయల్దేరాను. వేళ్ళు కొంచెం బిరుసుగా ఉన్నాయి. వాకిలి గడియ దగ్గర ఎర్ర పీలిక వేలాడుతోంది. మణికట్టు రాసుకుని రాసుకుని జరీ అంచు నల్లబడిపోయింది. నా చెయ్యి దానివైపే వెళ్ళింది, అలవాటైన మనిషిని పట్టుకోబోయినట్టు. ఆపుకున్నాను. గడియ చల్లగా ఉంది. లాగితే కణుపుల్లో సలిపింది. తెరుచుకుంది.

వీధి మలుపులో వెనక్కి తిరిగి చూశాను. తలుపు కదిలినట్టుంది, పీలిక ఇంకా ఊగుతోంది. డాక్టరమ్మ అడుగుతుంది, నాకు తెలుసు. వేలితోనే తీశాను అత్తా.